కొండ అందరిదీ అయినప్పుడు నల్లజాతి మహిళలకు ప్రత్యేక నడక బృందాలు ఎందుకు?

మీ కార్యాలయంలో పనిచేసే నల్లజాతి సహోద్యోగిని ప్రతి శనివారం తనలాంటి మహిళల బృందంతోనే అట్లాంటా దగ్గరి స్టోన్ మౌంటెన్ కొండ ఎక్కడానికి వెళ్తారని రాశారు. అడవులూ కొండలూ అందరివీ అయినప్పుడు ప్రత్యేక బృందం దేనికని, దీనివల్ల ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా లేక ఇది స్నేహితురాళ్ల కాలక్షేపమేనా అని అడిగారు. నేను అట్లాంటా ప్రాంతంలో ప్రజారోగ్య రంగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. రక్తపోటు, మధుమేహం ఉన్న మహిళల కోసం నడక బృందాలు ఏర్పాటు చేసి, అవి మధ్యలో ఆగిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం. ఆ బృందాల్లో ఎక్కువ మంది నల్లజాతి మహిళలే. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకటే కాబట్టి దాన్ని ముందే చెబుతాను: ఈ మహిళల విషయంలో ఆరోగ్యాన్నీ తోడునూ విడదీసి చూడలేము. తోడు ఉంటేనే వారు నిశ్చింతగా కొండ ఎక్కగలుగుతారు, నిశ్చింతగా ఎక్కగలిగితేనే వారం వారం వస్తారు, వారం వారం వస్తేనే ఒంటికీ మనసుకూ మేలు జరుగుతుంది.

నల్లజాతి వారికి అడవులూ కొండలూ పట్టవని, ఎవరో వచ్చి వారికి ప్రకృతిని పరిచయం చేయాలని అమెరికాలో చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పు. దక్షిణాది రాష్ట్రాల పొలాలను, చిత్తడి నేలలను, అడవులను వారికన్నా దగ్గరగా ఎరిగినవారు తక్కువ. బానిసత్వం నుంచి 1849లో తప్పించుకున్న హ్యారియట్ టబ్మన్ సంగతే చూడండి. మేరీల్యాండ్ తూర్పు తీరంలోని చిత్తడి నేలల్లో ఆమె చిన్నతనంలో మస్క్‌రాట్ అనే నీటి ఎలుకల కోసం పన్నిన ఉచ్చులను చలిలో, నడుము లోతు నీళ్లలో దిగి చూసి రావలసి వచ్చేది. పెద్దయ్యాక కలప కొట్టే చోట తండ్రితో కలిసి పనిచేసింది. ఏ వాగు ఎటు పారుతుందో, ఏ రుతువులో రాత్రి ఎంత పొడవో, ఏ ఆకు తినవచ్చో ఆమెకు ఆ పనుల్లోనే తెలిసింది. తరువాత సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి దాదాపు 70 మందిని చీకటి వేళల్లో నడిపించి స్వేచ్ఛా రాష్ట్రాలకు, కెనడాకు చేర్చగలిగిందంటే ధైర్యంతో పాటు ఈ తెలివిడి కూడా కారణం. ఇప్పటి నల్లజాతి మహిళల నడక సంఘాలు ఆమె పేరును ఇంతగా తలచుకోవడం వెనుక ఉన్నది ఇదే. ఆమెను వీరవనితగా కొలవడం ఒక ఎత్తయితే, అడవిలో తలెత్తుకుని నడిచిన తమ పూర్వీకురాలిగా చూడడం మరొక ఎత్తు.

మరి ఆ అనుబంధం ఎక్కడ తెగింది? చట్టమూ హింసా కలిసి దాన్ని తెంచాయి. 1877 నుంచి 1950 మధ్య అమెరికాలో 4,400 మందికి పైగా నల్లజాతి వారిని మూకలు చంపిన ఉదంతాలు నమోదయ్యాయి. వాటిలో ఎన్నో ఊరి బయటి చెట్ల దగ్గర, వంతెనల దగ్గర, నది ఒడ్డున జరిగాయి. అమ్మమ్మలు మనవరాళ్లకు “చీకటి పడేలోగా ఇల్లు చేరు, అడవి దారిన ఒంటరిగా పోవద్దు” అని చెప్పారంటే దెయ్యాల భయంతో చెప్పలేదు. ఆ మాట తరం నుంచి తరానికి దిగుతూ వచ్చింది. మా బృందంలోని యాభై దాటిన స్త్రీలలో చాలామంది తాము పుట్టిన ఊరి అడవిలోకి ఒక్కసారీ వెళ్లలేదని చెబుతారు.

చట్టం తన వంతు తాను చేసింది. వర్జీనియాలోని షెనాండోవా జాతీయ ఉద్యానం 1935లో ఏర్పడింది. అందులో 1939లో లూయిస్ మౌంటెన్ అనే విడిది స్థలాన్ని తెరిచి దాన్ని నల్లజాతి వారికి కేటాయించారు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యానంలో, అందరి పన్నులతో వేసిన దారి పక్కన, ఫలానా వారు ఇక్కడే గుడారం వేసుకోవాలని బోర్డు పెట్టారన్నమాట. అది 1950 ప్రాంతం వరకు సాగింది. నీటి దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. 1919 జులై 27న షికాగోలో యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు మిషిగన్ సరస్సులో తెప్ప మీద ఆడుకుంటూ, శ్వేతజాతి వారిదని అనుకునే వైపుకు కొట్టుకుపోయాడు. ఒడ్డు నుంచి ఒకడు రాళ్లు విసిరాడు, పిల్లవాడు మునిగి చనిపోయాడు. తరువాత చెలరేగిన అల్లర్లలో 38 మంది మరణించారు, వారిలో 23 మంది నల్లజాతి వారు. మిసిసిపీలోని బిలాక్సీ పరిసరాల్లో 26 మైళ్ల సముద్ర తీరం ఉన్నా నల్లజాతి వారిని అందులో కాలు పెట్టనివ్వలేదు. గిల్బర్ట్ మేసన్ అనే వైద్యుడు 1959లో కొందరితో కలిసి నీళ్లలో దిగి నిరసన మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ దిగినప్పుడు మూకలు గొలుసులతో, కర్రలతో కొట్టాయి. ఆ తీరం అందరిదీ అని న్యాయస్థానం తేల్చేసరికి 1968 వచ్చింది. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలమందితో కదిలి వెళ్లిన సంగతి తెలిసినవారికి, ఊరి చెరువులో ఎవరి రేవు ఎవరిదో పుట్టుకను బట్టి నిర్ణయించిన పల్లెల్లో పెరిగినవారికి ఈ చరిత్ర అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కరలేదు. “అందరిదీ” అన్న మాట కాగితం మీద ఉన్నంత మాత్రాన నీళ్లలో దిగనిస్తారని కాదు.

ఈ చరిత్రలో స్త్రీల పాత్ర గురించి తక్కువగా రాస్తారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కాలిఫోర్నియాలోని మన్హాటన్ బీచ్‌లో విల్లా బ్రూస్ అనే మహిళ 1912లో సముద్రం పక్కన కొంత స్థలం కొని, భర్త చార్లెస్‌తో కలిసి నల్లజాతి కుటుంబాలు వచ్చి సేదదీరే విడిది నడిపింది. వేరే ఏ తీరంలోనూ చోటులేని వారికి అక్కడ బట్టలు మార్చుకునే గది, భోజనం, నృత్యశాల ఉండేవి. 1924లో నగరపాలక మండలి ఉద్యానం పేరు చెప్పి ఆ స్థలాన్ని బలవంతంగా సేకరించింది. తరువాత దశాబ్దాల పాటు అక్కడ ఏ ఉద్యానమూ రాలేదు. చివరికి 2022లో లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆ భూమిని వారి వారసులకు తిరిగి ఇచ్చింది.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ ఫ్లోరిడాలోని అమీలియా దీవిది. జాక్సన్‌విల్‌లో నల్లజాతి వారి బీమా సంస్థను నడిపిన ఎ. ఎల్. లూయిస్ 1935లో అక్కడ అమెరికన్ బీచ్ అనే ఊరు కట్టించాడు. ఆయన మునిమనవరాలు మావిన్ బెట్ష్ ఓబర్లిన్‌లో సంగీతం చదివి, యూరప్‌లో ఆపెరా గాయనిగా పేరు తెచ్చుకుని, తిరిగి వచ్చి తనకు దక్కిన ఆస్తిని పర్యావరణ సంస్థలకు పంచిపెట్టి, ఆ తీరాన్నే ఇల్లు చేసుకుంది. ఏడు అడుగుల పొడవున పెరిగిన జడకు బ్యాడ్జీలూ గవ్వలూ గుచ్చుకుని, వచ్చిన ప్రతివారికీ ఆ ఊరి కథ చెబుతూ తిరిగేది. గోల్ఫ్ మైదానాల వాళ్లు, హోటళ్ల వాళ్లు ఊరిని చుట్టుముడుతుంటే, అక్కడి 60 అడుగుల ఇసుక దిబ్బను కాపాడాలని ఏళ్ల తరబడి పోరాడింది. ఆ దిబ్బకు నానా అని పేరు పెట్టింది కూడా ఆమే. 2004లో అది జాతీయ ఉద్యానాల సంస్థ చేతికి వచ్చింది, మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది. మన అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాలకు అధ్యక్షురాలిగా పనిచేసిన జానెట్టా కోల్ ఆమె చెల్లెలే. ప్రకృతి పరిరక్షణ తీరికా డబ్బూ ఉన్న శ్వేతజాతి వారి వ్యాపకమని ఎవరైనా అంటే నేను ముందుగా ఆమె పేరే చెబుతాను.

ఇక మీరు ప్రస్తావించిన స్టోన్ మౌంటెన్ దగ్గరకు వద్దాం. మన తెలుగు కుటుంబాలు అక్కడికి వనభోజనాలకు వెళ్తాయి, పిల్లలు కొండ ఎక్కి ఫొటోలు దిగుతారు. 1915 నవంబరు 25 రాత్రి కొందరు ఆ కొండ శిఖరం మీద శిలువను తగలబెట్టి, నల్లజాతి వారి మీద హింసకు పేరుపడ్డ కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార సంఘాన్ని మళ్లీ మొదలుపెట్టారన్నది మనలో ఎక్కువ మందికి తెలియదు. కొండ పక్కభాగంలో గుర్రాల మీద కనిపించే ముగ్గురూ బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి యుద్ధం చేసిన కాన్ఫెడరసీ నాయకులు, ఆ శిల్పం పూర్తయింది 1972లో, అంటే పౌరహక్కుల చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో స్వేచ్ఛ మారుమోగాలని కోరుకున్న చోట్లలో ఈ కొండ పేరు కూడా ఉంది. కొండ చుట్టుపక్కల ఇప్పుడు నివసించేవారిలో ఎక్కువ మంది నల్లజాతి వారే. మీ సహోద్యోగిని శనివారం ఉదయం ఆ బండరాయి మీద అడుగు వేస్తున్నప్పుడు ఇదంతా ఆమెకు తెలుసు. ఒంటరిగా ఎక్కితే ఈ బరువంతా ఒక్కరి మీదే ఉంటుంది. పదిమంది నవ్వుకుంటూ, అలసిన వారి కోసం ఆగుతూ ఎక్కితే ఆ కొండ వారిది అవుతుంది. ప్రత్యేక బృందం ఎందుకన్న మీ ప్రశ్నకు నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన జవాబు ఈ ఊళ్లోనే, మీరు చూసే కొండ మీదే ఉంది.

అదంతా పాత కథ అనుకోవడానికి వీలులేదు. 2020 ఫిబ్రవరి 23న మన జార్జియాలోనే, బ్రన్స్‌విక్ దగ్గర, అహ్మద్ ఆర్బరీ అనే పాతికేళ్ల యువకుడు పరుగు తీస్తుండగా ముగ్గురు శ్వేతజాతి పురుషులు ట్రక్కుల్లో వెంటాడారు, వారిలో ఒకడు కాల్చి చంపాడు. ముగ్గురికీ 2021 నవంబరులో హత్యానేరం రుజువైంది. అదే 2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పక్షులను చూడడానికి వెళ్లిన క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి వ్యక్తి కుక్కకు గొలుసు కట్టమని ఒక శ్వేతజాతి మహిళను అడిగితే, ఆమె తనను బెదిరిస్తున్నాడంటూ పోలీసులకు ఫోన్ చేసింది. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి ప్రాణం పోలీసు చేతిలో పోయింది కూడా ఆ రోజే. వారం తిరగకముందే నల్లజాతి పక్షిప్రేమికులూ శాస్త్రవేత్తలూ కలిసి తమ పక్షి పరిశీలనను అందరికీ చూపించే వారోత్సవాన్ని మొదలుపెట్టారు. అయితే పై రెండు ఘటనల్లోనూ బాధితులు పురుషులు. నల్లజాతి స్త్రీకి జాతి కారణంగా వచ్చే భయానికి తోడు, ఏ స్త్రీకైనా నిర్మానుష్యమైన దారిలో ఉండే భయం కూడా ఉంటుంది. ఏ రంగు టోపీ పెట్టుకోవాలి, తల మీద హుడీ వేసుకోవచ్చా, కారు ఎక్కడ ఆపాలి, ఫోన్ సిగ్నల్ అందని మలుపు ఎక్కడుంది అని వారు ఇంటి దగ్గరే లెక్క వేసుకుని బయలుదేరుతారు. విశ్రాంతి కోసం వెళ్లే చోటికి కూడా ఇంత లెక్కతో వెళ్లవలసి వస్తే, ఆ విశ్రాంతిలో సగం దారిలోనే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్లీన్ జెరోనిమస్ 1992లో ఒక ప్రతిపాదన చేశారు. ఎప్పుడూ అప్రమత్తంగా ఉండవలసి రావడం, వివక్షను తట్టుకుంటూ కుటుంబ భారం మోయడం నల్లజాతి స్త్రీల శరీరాన్ని వయసుకు ముందే అరగదీస్తాయని ఆమె వాదన. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు కానీ ఇప్పుడు మా రంగంలో దీన్ని కాదనేవారు తక్కువ. ఒత్తిడి కలిగినప్పుడు శరీరం విడుదల చేసే కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు కాసేపటికి తగ్గాలి. అవి తగ్గే అవకాశమే లేకపోతే రక్తనాళాలు గట్టిపడతాయి, బీపీ పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. అమెరికాలో వయోజనులైన నల్లజాతి స్త్రీలలో సగానికి మించి అధిక రక్తపోటు ఉంది. ప్రసవ సమయంలోనూ తరువాతా సంభవించే మరణాలు 2021లో లక్ష కాన్పులకు శ్వేతజాతి స్త్రీలలో 26.6 ఉంటే నల్లజాతి స్త్రీలలో 69.9. చదువూ ఆదాయమూ ఉన్నవారిలో కూడా ఈ తేడా పోవడం లేదు. పేదరికం ఒక్కటే కారణమని చెప్పి ఊరుకోలేమన్నది అందుకే.

ఇలాంటి శరీరానికి నడక చేసే మేలు రెండు రకాలు. క్రమం తప్పని నడక బీపీనీ, రక్తంలో చక్కెరనూ తగ్గిస్తుందన్నది అందరికీ తెలిసినదే. రెండవది చెట్లూ పచ్చదనమూ ఉన్నచోట కలిగే మార్పు. ఫిలడెల్ఫియాలో చెత్త పేరుకుపోయిన 541 ఖాళీ స్థలాల మీద ఒక పరిశోధన జరిగింది. వాటిలో కొన్నింటిని శుభ్రం చేసి గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టారు. కొన్నింటిలో చెత్త మాత్రమే తీశారు. మిగిలినవాటిని అలాగే వదిలేశారు. ఏ స్థలానికి ఏ పని అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. పచ్చగా మార్చిన స్థలాల చుట్టూ ఉన్నవారిలో దిగులుగా ఉందని చెప్పుకునేవారు 40 శాతానికి పైగా తగ్గారని 2018లో ప్రకటించారు. చెత్త మాత్రమే తీసిన చోట అలాంటి మార్పు కనిపించలేదు. కొండలూ జలపాతాలూ అక్కరలేదు, వీధి చివర ఉన్న పచ్చిక కూడా మనసు మీద పనిచేస్తుందన్నమాట.

కానీ మందు ఎంత మంచిదైనా వేసుకుంటేనే కదా. నడవమని వైద్యులు చెప్పని రోజు లేదు. చెప్పినవారిలో ఎంతమంది మూడు నెలల తరువాత కూడా నడుస్తున్నారన్నదే అసలు ప్రశ్న. నా అనుభవంలో చీటీ మీద రాసిచ్చిన నడక ఎక్కువ కాలం సాగదు, తన కోసం పార్కింగ్ స్థలంలో నలుగురు ఎదురుచూస్తున్నారని తెలిసిన నడక సాగుతుంది. మా బృందాల్లో ఒక పద్ధతి ఉంది. ముందుగా వచ్చినవారు కారులోనే కూర్చుని, రెండవ కారు వచ్చాక దిగుతారు. అందరూ వచ్చాక గుండ్రంగా నిలబడి తలలు లెక్కపెట్టుకుంటారు. బీపీ మాత్ర వేసుకున్నారా, నీళ్ల సీసా ఉందా, మోకాలు నొప్పి ఎలా ఉంది అని ఒకరినొకరు అడుగుతారు. ఒకామె ముందు నడుస్తుంది, ఒకామె అందరికన్నా వెనక నడుస్తుంది, ఆమెకన్నా వెనక ఎవరూ ఉండిపోకూడదు. నెమ్మదిగా నడిచేవారి వేగమే అందరి వేగం. కొంత దూరం పోయాక మాటలు మొదలవుతాయి. ఇంట్లో చెప్పుకోలేని సంగతులు, ఆసుపత్రిలో తన మాట వినిపించుకోని వైద్యుడి సంగతి, కొడుకు కారు నడుపుతూ రాత్రి బయటికి వెళ్తే కలిగే గుబులు అక్కడ బయటపడతాయి. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూసి చెప్పలేని మాటలు పక్కపక్కన నడుస్తూ చెప్పడం తేలిక. గర్భాశయంలో కణితులకు మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని, గురక ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోవాలని ఇలాంటి మాటల మధ్యలోనే తెలుసుకుని వెళ్లి చూపించుకున్నవారిని నేను చూశాను.

బయటివారికి తట్టని అడ్డంకి ఒకటి ఉంది, అది జుట్టు. నల్లజాతి స్త్రీల జుట్టును సన్నజడలుగా అల్లడానికి అయినా, వేడితో సాఫు చేయడానికి అయినా గంటల తరబడి కూర్చోవాలి, ఖర్చు కూడా ఎక్కువే. కొండ ఎక్కితే పట్టే చెమటకు, చిన్న జల్లుకు, సాఫు చేసిన జుట్టు మళ్లీ ముడుచుకుంటుంది, సోమవారం ఆ తలతో కార్యాలయానికి వెళ్తే అక్కడి చూపులను భరించాలి. ఇది ఎంత పెద్ద విషయమంటే, ప్రజారోగ్యం గురించి దేశానికి సలహా ఇచ్చే పెద్ద వైద్యాధికారి, అంటే సర్జన్ జనరల్‌గా ఉన్న రెజీనా బెంజమిన్ 2011లో ఇదే అట్లాంటాలో జరిగిన కేశాలంకరణ ప్రదర్శనకు వచ్చి, జుట్టు పాడవుతుందని వ్యాయామం మానుకోవద్దని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఈతలో అయితే మరీ కష్టం. ఒత్తైన జుట్టు పట్టేలా తయారైన సోల్ క్యాప్ అనే టోపీని 2021లో టోక్యో ఒలింపిక్స్ ముందు అంతర్జాతీయ ఈత సమాఖ్య అనుమతించలేదు, విమర్శలు వచ్చాక 2022లో ఒప్పుకుంది. తమలాంటి స్త్రీలే ఉన్న బృందంలో ఈ సంగతి ఎవరికీ వివరించనక్కరలేదు. వాన వస్తే సంచిలోంచి శాటిన్ గుడ్డ తీసి పక్కనున్న ఆమెకు ఇస్తారు, నడకకు ముందు ఎలాంటి జడ వేసుకుంటే పది రోజులు నిలుస్తుందో చెబుతారు.

సంస్థల గురించి కొంత తెలిస్తే మీ సహోద్యోగినితో మాట్లాడడం సులువవుతుంది. గర్ల్‌ట్రెక్ 2010లో మొదలైంది. దాన్ని స్థాపించిన టి. మోర్గన్ డిక్సన్, వెనెస్సా గారిసన్ కళాశాల నాటి స్నేహితురాళ్లు. రోజుకు 30 నిమిషాలు, సొంత వీధి నుంచే, ఖర్చు లేకుండా నడవడం వారు నేర్పిన పద్ధతి. పది లక్షలకు పైగా నల్లజాతి మహిళలు అందులో చేరారు. నల్లజాతి వారిని అడవులకూ కొండలకూ తీసుకెళ్లే ఔట్‌డోర్ ఆఫ్రోను రూ మాప్ 2009లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ప్రారంభించారు. ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడిని కాల్చి చంపిన పోలీసు మీద అభియోగం మోపకూడదని జ్యూరీ నిర్ణయించాక, 2014 చివర ఓక్లాండ్ వీధుల్లో నిరసనలు సాగుతున్నప్పుడు, గుండె బరువెక్కిన వారిని ఆమె దగ్గరలోని రెడ్‌వుడ్ అడవిలోకి తీసుకెళ్లి నడిపించారు. అప్పటి నుంచి ఊరట కోసం చేసే నడకలు వారి కార్యక్రమాల్లో భాగమయ్యాయి. పరుగు కోసం 2009లో బ్లాక్ గర్ల్స్ రన్, సైకిల్ కోసం 2013లో బ్లాక్ గర్ల్స్ డూ బైక్ వచ్చాయి. ఇంగ్లండ్‌లో రియాన్ ఫాటినికన్ 2019లో బ్లాక్ గర్ల్స్ హైక్ పెట్టారు. ఇవన్నీ ఈమధ్య పుట్టిన సరదాలు అనుకోకండి. 1928 ఈస్టర్ సెలవుల్లో ఐదుగురు నల్లజాతి యువతులు న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ వరకు 250 మైళ్లు మూడు రోజుల్లో సైకిళ్ల మీద వెళ్లారు. అప్పటి రోడ్ల మీద, ఎక్కడ బస దొరుకుతుందో ముందే చూసుకోవలసిన ఆ కాలంలో, ఆరుబయలు మీద ఇష్టంతోనే వెళ్లామని చెప్పారట.

వేరుగా నడవడమంటే మళ్లీ వేర్పాటే కదా అన్న సందేహం మీ ప్రశ్నలో కొంచెం వినిపించింది. బలవంతంగా బయటికి నెట్టడమూ, నెట్టబడినవారు కలిసి నడవడమూ ఒకటి కావు. ఒకదానిలో గేటు దగ్గర ఎవరో నిలబడి ఆపుతారు, మరొకదానిలో లోపలికి ధైర్యంగా రావడానికి చేయి పట్టుకుంటారు. ఈ బృందాల్లో రెండు మూడేళ్లు నడిచాక ఆ స్త్రీలు కుటుంబంతో, పొరుగువారితో, ఒక్కోసారి ఒంటరిగా కూడా అడవులకు వెళ్లడం నేను గమనించాను. ఇవి లేకపోతే వారిలో ఎక్కువ మంది అసలు వచ్చి ఉండేవారు కారు.

ఇందులో ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. నడక మంచిదన్న మాటను పట్టుకుని కొందరు అధికారులు బాధ్యతంతా ఆ స్త్రీల మీదికే నెడతారు. ప్రసవ సమయంలో నొప్పి అని చెప్పినా పట్టించుకోని ఆసుపత్రిని నడక మార్చలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థలు నల్లజాతి పేటలను పటాల మీద ఎర్ర రంగు వేసి, అప్పులు ఇవ్వదగని చోట్లుగా గుర్తించాయి. 108 నగరాలను పరిశీలించి 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఆ పేటలు చాలావరకు ఇప్పటికీ చెట్లు తక్కువై, మిగతా పేటలకన్నా వేడిగా ఉన్నాయి. అక్కడ ఉండే స్త్రీని జులై మధ్యాహ్నం నడవమనడం వైద్యం కాదు. చెట్లు నాటడం, కాలిబాటలు వేయడం, పార్కులకు బస్సు నడపడం నగరాల పని. ఆ పని చేయించడానికి కూడా ఈ నడక బృందాలే ముందుంటున్నాయి. దారి ఎక్కడ పగిలిందో, దీపం ఎక్కడ లేదో రోజూ నడిచేవారికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

ఇక మీరు ఏం చేయవచ్చో చెబుతాను. మీ సహోద్యోగినిని నడక ఎలా జరిగిందని మామూలుగా అడగండి, ఆమె చెప్పినంత వినండి. ఆ బృందం నల్లజాతి స్త్రీల కోసమే అయితే తీసుకెళ్లమని పట్టుపట్టకండి. ఔట్‌డోర్ ఆఫ్రో లాంటి సంస్థలు అందరికీ స్వాగతం పలుకుతాయి కాబట్టి మీకు ఆసక్తి ఉంటే వాటి నడకలకు వెళ్లవచ్చు, అక్కడ వెనక నడిచి వినడం మంచిది. ఎవరి జుట్టునూ ముట్టుకోవద్దు, అడగకుండా ఫొటోలు తీయవద్దు. ఆమే మిమ్మల్ని రమ్మంటే అది చిన్న గౌరవం కాదు, సంకోచించకుండా వెళ్లండి.

మీ ప్రశ్న చివర, ఇక్కడి తెలుగు ఆడవాళ్లలో కూడా షుగర్, బీపీ, ఒంటరితనం ఎక్కువగా కనిపిస్తున్నాయని, మనమూ ఇలాంటిది చేయవచ్చా అని అడిగారు. తప్పకుండా చేయవచ్చు, పద్ధతి మాత్రం ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పుకుని చేయండి. రోజూ చోటు మార్చకండి, వారం, సమయం, కలిసే చోటు ఒకటే ఉండాలి. ముగ్గురితో మొదలుపెట్టండి, నెమ్మదిగా నడిచే అత్తగారిని ముందు నడిపించండి, చీరకట్టుతో వచ్చినా పరవాలేదు కానీ చెప్పులతో వద్దు, బూట్లు ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవారి దగ్గర గ్లూకోజ్ బిళ్లలో, రెండు చాక్లెట్లో ఉండాలి. స్టోన్ మౌంటెన్ మీద నడకబాట ఒక మైలే అయినా పైకి చేరే ముందు నిటారుగా ఉంటుంది, అక్కడ పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు ఉన్నాయి, రాయి తడిగా ఉన్నప్పుడు ఎక్కవద్దు. మోకాళ్ల నొప్పులున్నవారు మొదటి కొన్ని వారాలు కొండ కింద చదునుగా ఉన్న దారిలో నడవడం మేలు. పార్కులోకి కారుకు రుసుము తీసుకుంటారు కాబట్టి నలుగురూ ఒకే కారులో వెళ్లండి.